రిట్ ఎక్కడ వేయాలి? నేరుగా సుప్రీంకోర్టులోనా, ముందు హైకోర్టులోనా?

అధికారులతో పేచీ వచ్చిందంటే చాలు, మనవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: "సుప్రీంకోర్టు దాకా వెళ్తా!" ఆ 'దాకా'లోనే మధ్యలో మెట్లున్నాయని తెలుస్తోంది. కానీ మన రాజ్యాంగం మెట్లెక్కకుండా వెళ్లే దారి కూడా పెట్టింది, అదే రిట్. రిట్ అంటే అధికారులకు కోర్టు ఇచ్చే ఆదేశం, దాన్ని కోరుతూ పిటిషన్ వేయడాన్నే రిట్ వేయడం అంటాం. 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు, 226 కింద హైకోర్టుకు వెళ్లవచ్చు.

పేరు గొప్పది 32దే. రాజ్యాంగానికి ఇదే గుండె, ఇదే ఆత్మ అన్నారు అంబేడ్కర్. ప్రభుత్వం ప్రాథమిక హక్కును కాలరాస్తే సుప్రీంకోర్టుకు వెళ్లడం కూడా ఒక ప్రాథమిక హక్కే. 1950లో మద్రాసు ప్రభుత్వం తన పత్రికను రాష్ట్రంలోకి రానివ్వనంటే రమేశ్ థాపర్ నేరుగా అక్కడికే వెళ్లారు. ముందు హైకోర్టుకు వెళ్లాలన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు, ఆయన గెలిచారు. ఇప్పుడు ఆ తలుపు అంత బార్లా లేదు. "హైకోర్టుకు ఎందుకు వెళ్లలేదు?" అని సుప్రీంకోర్టే అడిగి వెనక్కి పంపడం మామూలైపోయింది.

226 పేరు తక్కువ, పని ఎక్కువ. ప్రాథమిక హక్కులకే కాదు, 'మరే ఇతర ప్రయోజనానికైనా' రిట్ వేయవచ్చని అందులో ఉంది. పెన్షన్ ఆపారు, లైసెన్సు రద్దు చేశారు, భూమి తీసుకుని పరిహారం ఇవ్వలేదు... మనకు వచ్చే గొడవల్లో ఎక్కువ ఇలాంటివే. భూమి సంగతి ముఖ్యంగా చెప్పాలి. 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసి 300ఎ అధికరణంలో పెట్టింది. కాబట్టి పొలం పోయిందన్న ఒక్క కారణంతో 32 కింద వెళ్లడానికి లేదు, హైకోర్టే దిక్కు. అయితే రిట్ ఇవ్వాలా వద్దా అన్నది హైకోర్టు విచక్షణ. కలెక్టరు దగ్గర అప్పీలు చేసుకునే వీలుంటే, ముందు అక్కడికి వెళ్లమనవచ్చు.

నన్నడిగితే అసలు తేడా ఓడిపోయాక తెలుస్తుంది. హైకోర్టులో సింగిల్ జడ్జి కొట్టేస్తే ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఉంది, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఉంది. నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడితే ఇక పై మెట్టు లేదు. మిగిలేవి తీర్పును మళ్లీ చూడమనే రివ్యూ, అదీ పోయాక చివరి విన్నపమైన క్యూరేటివ్ పిటిషన్లు, వాటిలో గెలిచేవాళ్లు అరుదు. విశాఖ ఏజెన్సీలో గిరిజన భూములను గనులకు లీజుకివ్వడంపై సమత సంస్థ వేసిన కేసు చూడండి. హైకోర్టులో ఓడింది, అప్పీలుకు వెళ్లి 1997లో సుప్రీంకోర్టులో గెలిచింది. అయితే ఒక మాట: హైకోర్టు మంచిచెడ్డలు చూసి కొట్టేశాక, అదే గొడవతో 32 కింద కొత్తగా రిట్ వేయడం కుదరదు, అప్పీలుకే వెళ్లాలి. ఇది 1961లోనే తేలిపోయింది.

పెద్ద కోర్టయితే ఎక్కువ కాపాడుతుందన్న నమ్మకం కూడా ఎమర్జెన్సీలో వమ్మయింది. జైల్లో పెట్టినవాళ్ల హెబియస్ కార్పస్ పిటిషన్లు (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరేవి) వింటామని తొమ్మిది హైకోర్టులు అంటే, 1976లో సుప్రీంకోర్టు 4–1 తేడాతో కుదరదంది. ఆ తీర్పుతో విభేదించిన ఒక్క జడ్జి జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఆ తీర్పు తప్పని 2017లో అదే కోర్టు ఒప్పుకుంది.

మరి 32 ఎవరికి? గొడవ దేశమంతటిదైనప్పుడు. ఆధార్‌పై రిటైర్డ్ జడ్జి జస్టిస్ పుట్టస్వామి అలాగే నేరుగా వెళ్లారు, గోప్యత ప్రాథమిక హక్కేనన్న తీర్పు ఆ కేసులోనే వచ్చింది. మండల ఆఫీసుతో తగవుకు ఢిల్లీ రైలెక్కడం దండగ. శ్రీకాకుళం వాళ్లకు అమరావతి కూడా దగ్గరేం కాదు, కానీ అక్కడ ప్లీడరుతో తెలుగులో మాట్లాడుకోవచ్చు. ఇంట్లోవాళ్లను పోలీసులు తీసుకెళ్లి 24 గంటలైనా మేజిస్ట్రేటు ముందు పెట్టకపోతే మాత్రం ఏ కోర్టని తర్జనభర్జన పడకండి. బంధువులో స్నేహితులో ఎవరైనా సరే, వెంటనే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు.