ఖాళీ బోనుకు ఎన్ని స్టార్లు? మింక్ తెప్ప, బోను, మెసేజ్ డబ్బా: మూడేళ్ళ వాడకం తర్వాత

మింక్ అనే జంతువుని పట్టే ఈ సామాను కొనేముందు నేనూ అందరిలాగే రివ్యూలు చదివాను. ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చి, "ఎనిమిది నెలలు నీళ్ళలో పెట్టాను, ఒక్కటీ పడలేదు, డబ్బు దండగ" అని రాశాడు. దాని కిందే ఇంకొకాయన ఐదు స్టార్లు ఇచ్చి "వారంలో మూడు పడ్డాయి" అని మురిసిపోయాడు. ఇద్దరిదీ ఒకే బోను, ఒకే కంపెనీ. ఇంగ్లండ్ తూర్పున నార్ఫోక్‌లో రెండేళ్ళు, నైరుతిన డెవాన్‌లో ఏడాది వాడాక ఆ రెండు రివ్యూలూ మళ్ళీ చదివితే నవ్వొచ్చింది. ఇద్దరూ తమ ఊరి ఏటికి మార్కులు వేసుకున్నారు.

మింక్ అంటే మనవాళ్ళకి సినిమాల్లో దొరసానులు వేసుకునే కోటే గుర్తొస్తుంది. అసలు జంతువు మన ముంగిసకి దూరపు చుట్టంలా ఉంటుంది. ముదురు గోధుమ రంగు, నూనె రాసినట్టు మెరిసే బొచ్చు, గడ్డం కింద చిన్న తెల్లమచ్చ. మగది కిలో నుంచి కిలోన్నర, ఆడది దాదాపు అందులో సగం. పుట్టిల్లు ఉత్తర అమెరికా. బొచ్చు కోసం 1929లో బ్రిటన్‌కి తెచ్చి ఫారాల్లో పెంచారు, తప్పించుకున్నవి ఏరుల వెంట బతికాయి. అడవిలో పిల్లలు పెట్టినట్టు మొదట రూఢి అయింది 1956లో, డెవాన్‌లోని టీన్ నది మీద. 2000లో చట్టం చేసి ఫారాలు మూయించారు కానీ అప్పటికే ఏరులన్నీ వాటివి.

దెబ్బ తిన్నది ఇక్కడి నీటి ఎలుక. చూడటానికి బొద్దుగా, చిన్న చెవులతో, గట్టున కూర్చుని గడ్డి పరకలు కొరుక్కుంటూ ఉంటుంది. వేరే శత్రువు వస్తే బుడుంగున మునిగి బొరియలో దూరిపోతుంది. ఆడ మింక్ మాత్రం ఆ బొరియలో కూడా పట్టేంత సన్నం. ఈదగలదు, దూరగలదు, నీటి ఎలుక ఇక ఎటు పోవాలి? 1990ల చివర దేశమంతా లెక్క తీస్తే, పదేళ్ళ కిందటి సంఖ్యలో దాదాపు పదింట తొమ్మిది వంతులు లేవు. మింక్ ఒక్కటే కారణం కాదు, గట్లు చదును చేయడమూ ఉంది, కానీ చివరి దెబ్బ చాలాచోట్ల దానిదే.

ఇక సామాను. మూడు ముక్కలు.

తెప్ప: గేమ్ అండ్ వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ ట్రస్ట్ అని ఇక్కడి వన్యప్రాణుల సంస్థ వాళ్ళ డిజైన్. సుమారు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య థర్మాకోల్, పైన చెక్క సొరంగం. సొరంగం అడుగున బుట్టలో పూల బొకేలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి, దాని మీద ఇసుక కలిపిన బంకమట్టి. స్పాంజి కింది నీళ్ళని పీల్చి మట్టిని ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. సొరంగం కనిపిస్తే తొంగిచూడకుండా పోలేని జాతి ఇది, లోపలికెళ్ళి మట్టి మీద వేలిముద్రలు ఇచ్చి మరీ పోతుంది. ఐదు వేళ్ళు నక్షత్రంలా విచ్చుకుని ఉంటాయి. మింక్ ముద్ర కనిపిస్తే అప్పుడు సొరంగంలో బోను పెట్టాలన్నది ఆ డిజైన్ మొదటి పద్ధతి. ఎంత తెలివైన ఆలోచనో! కరెంటు లేదు, యంత్రం లేదు, మట్టే సీసీ కెమెరా.

బోను: ఇనప జాలీది. లోపల పలక తొక్కితే తలుపు పడుతుంది. సొరంగం మూతి దగ్గర నీటికుక్కలు దూరకుండా ఒక అడ్డు బిగించాలి. నీటికుక్కకి ఇక్కడ చట్టం రక్షణ ఉంది, అది పడకూడదు.

మెసేజ్ డబ్బా: ఇదే కొత్త కాలం సొమ్ము. డబ్బాకి ఒక అయస్కాంతం, దానికో తాడు, తాడు రెండో కొస బోను తలుపుకి. తలుపు పడితే అయస్కాంతం ఊడి ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఏమీ జరగకపోయినా రోజూ "నేను బతికే ఉన్నాను" అని ఒక మెసేజ్ పంపుతుంది. ఇది లేని కాలంలో తలుపు తీసి పెట్టిన బోనుని కనీసం రోజుకోసారి వెళ్ళి చూడాలి. జంతువు బోనులో మగ్గకూడదు కాబట్టి ఆ నియమం. జనవరి చీకట్లో రోజూ బురదలో నడవడానికి ఎంతమంది వస్తారు? ఈ డబ్బా వచ్చాకే బోనుని ఏడాది పొడవునా తెరిచి ఉంచడం మాలాంటి ఉద్యోగస్తులకి సాధ్యమైంది. మూడింటికీ కలిపి నాకు 230 పౌండ్లు అయింది, డబ్బాకి ఏడాదికోసారి చందా వేరే.

నార్ఫోక్‌లో మా ఇల్లు నారిచ్ ఊరి చివర, వెన్సమ్ నదికి పది నిమిషాల నడక. అక్కడ మింక్‌ని లేకుండా చేసే పనిలో ఉన్న వాటర్‌లైఫ్ రికవరీ ట్రస్ట్ ఆధ్వర్యంలో నార్ఫోక్, దాని పక్కనున్న సఫోక్ కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) అంతటా ఇలాంటి తెప్పలు వందల్లో తేలుతున్నాయి. రైతులు, రిటైరైన టీచర్లు, పడవలు అద్దెకిచ్చేవాళ్ళు, మధ్యలో కైకలూరు పిల్లనైన నేను. చేరిన రోజు మా ఏరియా చూసే పెద్దాయన ఒకే మాట అడిగాడు: "ఏమీ పట్టకపోతే విసుగు రాదు కదా?" లేదన్నాను. రెండు నెలలకే వచ్చింది.

పద్నాలుగు నెలలు మా బోనులో మింక్ పడలేదు. పడినవి ఇవి: నీటికోళ్ళు నాలుగు (నాలుగూ ఒకే కోడి అని నా అనుమానం, ఆపిల్ ముక్క రుచి మరిగింది), పెద్ద ఎలుకలు ఏడు, పడవ అలకి తానే పడ్డ తలుపు లెక్కలేనన్ని సార్లు. ఒక శనివారం మా అమ్మ వీడియో కాల్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. ఫోన్ పట్టుకునే పరిగెత్తాను. బోను నిండా నీటికోడి. "దీనికా అమ్మాయ్ అంత పరుగు! మనూళ్ళో అయితే కూర అయ్యేది" అంది అమ్మ.

పక్కనుంచి నాన్న అసలు ప్రశ్న వేశారు. "ఎక్కడ పెట్టావు? చిన్న కాలవ వచ్చి కలిసే చోట పెట్టావా, తిన్నగా ఉన్న గట్టున పెట్టావా?" నాన్నకి కొల్లేటిలో చేపలకి మావులు పెట్టిన అనుభవం. ఊచల బుట్ట ఎంత గట్టిగా అల్లినా నీటి దారి తెలియకపోతే చేప పడదు. తెప్పని రెండొందల గజాలు జరిపి, కాలవ కలిసే చోట విల్లో కొమ్మల కింద కట్టాను. చోటు బాగుంది. అయినా ఏమీ పడలేదు, ఎందుకంటే అక్కడ మింక్ లేదు. మట్టి మీద ఒకరోజు కనిపించిన బుల్లి నక్షత్రాల్ని ఫోటో తీసి పెద్దాయనకి పంపిస్తే, "నీటి ఎలుక!!!" అని మూడు ఆశ్చర్యార్థకాలతో జవాబిచ్చాడు. ఆయన అన్ని ఆశ్చర్యార్థకాలు వాడటం అదే మొదలు, ఆఖరు.

అదీ సంగతి. చుట్టూ తెప్పలు దట్టంగా ఉన్నచోట, ముందే పట్టేసినచోట, ఖాళీ బోను అంటే పని అయిపోయిందని అర్థం. అయినా తీసేయడానికి లేదు. ఆగస్టు నుంచి పిల్లలు తల్లిని వదిలి చెదిరిపోతాయి, ఫిబ్రవరి, మార్చిలో మగవి ఆడదాన్ని వెతుక్కుంటూ పదుల కిలోమీటర్లు తిరుగుతాయి. పక్క కౌంటీ నుంచి ఒక్కటి దాటి వస్తే ఆ రాత్రి తలుపు తెరిచిన బోను దారిలో ఉండాలి. నేను అక్కడున్న రెండేళ్ళలో మా బోనుకి పడింది ఒకే ఒక్కటి, రెండో ఏడు మార్చిలో, మగది.

ఖాళీ బోనుకి జీతమివ్వడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. కాయ్‌పూ అని దక్షిణ అమెరికా జంతువు, పందికొక్కుని పదింతలు చేసినట్టుంటుంది, అదీ బొచ్చు ఫారాల నుంచి తప్పించుకున్నదే. దాన్ని తుడిచిపెట్టడానికి 1981లో 24 మంది బోనుగాళ్ళని పెట్టారు. తలకింత అని ఇస్తే ఎవడైనా ఒక జంటని మిగుల్చుకుంటాడు. అందుకని ఎంత తొందరగా పూర్తిగా లేకుండా చేస్తే అంత పెద్ద బోనస్ అని ఒప్పందం పెట్టారు. 1989కల్లా అయిపోయింది. మా పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులకి తోకల లెక్కన కూలి ఇచ్చిన రోజులు నాన్నకి గుర్తే. ఈ కథ చెప్తే చాలాసేపు నవ్వారు.

తర్వాత మా ఆయనకి డెవాన్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. తెప్పని కారు మీద కట్టుకుని ఆరు గంటల ప్రయాణం. టీన్ నదిలో కలిసే ఒక వాగు మీద, ఒక రైతు అనుమతి తీసుకుని కట్టాం. అవును, 1956 నాటి ఆ టీన్ నదే.

పదకొండో రాత్రి మెసేజ్. వెళ్తే ఆడ మింక్. జాలీకి ముక్కు ఆనించి నా వంకే చూస్తోంది, భయమేమీ లేదు. నాలుగో వారం ఇంకొకటి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మూడు, అన్నీ ఆ ఏడాది పుట్టిన పిల్లలే. అదే తెప్ప, అదే బోను, అదే నేను. అక్కడ రెండేళ్ళకి ఒకటి, ఇక్కడ ఒక్క ఏడాదికి ఐదు. ఒక్క స్టార్ ఇచ్చిన ఆయనది ఏ ఊరో ముందే రాసుంటే నేను అంత మథనపడేదాన్ని కాదు.

ఐదు పట్టాక వాగు బాగుపడిందా అంటే, లేదు. ఆ వాగు మీద నాదొక్కటే తెప్ప. ఒకటి పోతే దాని జాగాలోకి కింది నుంచో పై నుంచో ఇంకొకటి వస్తుంది. ఐదు పట్టిన నా బోను కన్నా ఏమీ పట్టని నార్ఫోక్ బోనే ఎక్కువ పని చేసింది. దాని వెనక వందల బోనులున్నాయి.

చంపే సంగతి దాటేస్తే రివ్యూ అబద్ధమవుతుంది. పట్టిన మింక్‌ని తిరిగి వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం. నీళ్ళలో ముంచడం కూడదు. శిక్షణ ఉన్న మనిషి వచ్చి బోనులోనే కదలకుండా చేసి ఎయిర్ పిస్టల్‌తో తలలో కొడతారు, క్షణంలో అయిపోతుంది. మొదటిసారి నేను అటు తిరిగి నిలబడ్డాను. రెండోసారి చూశాను. ఇది తట్టుకోలేం అనుకునేవాళ్ళు తెప్ప, మట్టి వరకే పెట్టుకుని ముద్రల ఫోటోలు పంపండి. అదీ పనికొచ్చే పనే, నామోషీ ఏమీ లేదు.

ఎర గురించి ఒక మాట. చేప తల, సార్డిన్ డబ్బా అని రకరకాలు రాస్తారు. అన్నిటికన్నా పనిచేసేది మింక్ తోక కింది గ్రంథి నుంచి తీసిన వాసన నూనె. స్కాట్లండ్ పడమటి దీవుల్లో 2001 నుంచి నడిచిన పెద్ద వేటలో చేప ఎర కన్నా ఇదే మెరుగని తేల్చారు. అక్కడ సముద్రపు ఒడ్డంతా మింక్‌కి భోజనశాల, రాళ్ళ సందుల్లో పీతలు, చేపలు. ఊరికే దొరుకుతుంటే మన సార్డిన్ ఎవరిక్కావాలి? ఇంకో మింక్ వాసన అయితే మాత్రం ఎవరొచ్చారా అని చూడక తప్పదు. దీవులు కాబట్టి పక్క నుంచి కొత్తవి రావడం కూడా కష్టం. అలా 2000కు పైగా పట్టారు. నా సీసా కుళ్ళిన వెల్లుల్లిలో టైరు కాల్చినట్టు కంపు కొడుతుంది. ఫ్రిజ్‌లో ఆవకాయ పక్కన పెట్టాననే నేరానికి మా ఆయన మూడు రోజులు మాట్లాడలేదు.

మిన్నెసోటాలో ఉండే మా పిన్ని కొడుకు ఇదంతా విని, "అక్కా, ఇక్కడ దానికి సీజను, లైసెన్సు ఉంటాయి, అది మా సొంత జంతువు" అన్నాడు. నిజమే, అలాస్కా నుంచి ఫ్లోరిడా దాకా అది స్థానికం. అరిజోనాలాంటి ఎడారి వైపు మాత్రం లేదు. అమెరికాలో వాగు గట్టున చిన్న గుంత తవ్వి పెట్టే ఉచ్చుల లెక్కలు ఇక్కడ మన తెప్పకి పనికిరావు. వీడియోలు చూసి అలాంటివి తెప్పించుకోకండి, ఆ ఉచ్చుల్లో చాలావాటికి ఇక్కడ అనుమతి లేదు.

లోపాలు. బోను కంపెనీ పేరు చెప్పను కానీ వెనక తలుపు గడియ రెండో ఏటికే తుప్పు పట్టింది. ఫోన్ చేస్తే "నీళ్ళ దగ్గర వాడారా?" అని అడిగారు. నీళ్ళలో జంతువుని పట్టే బోను మరి వంటింట్లో వాడతారా! మెసేజ్ డబ్బా నార్ఫోక్ బయళ్ళలో రాజులా పనిచేసింది, డెవాన్ లోయలో సిగ్నల్ లేక తొమ్మిది రోజులు మూగబోయింది. పొడుగాటి యాంటెన్నా తెప్పించి కర్రకి కడితేగాని నోరు తెరవలేదు. రోజువారీ మెసేజ్ రాకపోతే వెంటనే వెళ్ళి చూడండి, రేపు చూద్దాం అనుకోవద్దు. ప్లైవుడ్ అంచులకి రంగు వేయకపోతే పొరలు విడిపోతాయి. వరద సూచన ఉంటే మోకు వదులు చేయాలి, లేకపోతే తెప్ప మునుగుతుంది, బోనులో ఉన్నదీ మునుగుతుంది. నేను వరద రోజుల్లో తలుపు మూసేస్తాను.

తెప్పకి ఐదు, బోనుకి మూడు, డబ్బాకి మైదానంలో ఐదు, లోయలో రెండున్నర. కొనే ముందు మీ కౌంటీలో ఎవరైనా కలిసి పట్టే బృందం ఉందేమో కనుక్కోండి. చాలాచోట్ల సామాను వాళ్ళే ఇస్తారు, 230 పౌండ్లు మిగులుతాయి. నాకు ఆ సంగతి కొన్నాక తెలిసింది.