గురి చెదిరితే తప్పు స్కోప్‌దేనా? మూడు పరీక్షల్లో ఏది మేలు

ఎయిర్ రైఫిల్ నుంచి పది మీటర్ల దూరంలో రూపాయి బిళ్ళంత చోట పడే పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్ళు) ఉన్నట్టుండి కాగితమంతా చెదిరితే, చాలామంది చెయ్యి ముందుగా స్కోప్ (గురి చూసే దుర్భిణి) ట్యూరెట్ మీదికే, అంటే క్లిక్కు క్లిక్కుగా తిప్పి గురి సవరించే మర మీదికే వెళ్తుంది. దయచేసి ఆగండి. కారణం తెలియకుండా క్లిక్కులు మారిస్తే అసలు లోపానికి మీ సవరణ కూడా తోడవుతుంది. లోపం ఎక్కడుందో తేల్చడానికి మూడు దారులున్నాయి: స్కోప్ తీసేసి ఓపెన్ సైట్లతో (బ్యారెల్ మీద ఉండే అద్దం లేని గురి గుర్తులతో) కాల్చడం, బాగుందని తెలిసిన మరో స్కోప్ పెట్టడం, ఉన్న స్కోప్‌నే చతురస్ర పరీక్షకు పెట్టడం.

ఏది చేసినా ముందు రైఫిల్‌లో పెల్లెట్ లేదని చూసుకుని స్టాక్ (భుజానికి ఆనించే భాగం) స్క్రూలు, మౌంట్ (స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే బిగింపు) స్క్రూలు బిగించండి. స్ప్రింగ్ తోసే పిస్టన్‌తో గాలిని నెట్టే స్ప్రింగ్ రైఫిల్‌లో ఇది మరీ ముఖ్యం. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ ఆగగానే రైఫిల్ ముందుకు కుదుపుతుంది. ఈ రెండో కుదుపుకే మౌంట్, రైఫిల్ పైనుండే పట్టాల మీద వెనక్కి జరుగుతుంది. వెనక్కి తన్నే తుపాకుల కోసమే చేసిన స్కోప్ ఖరీదైనదైనా ఇక్కడ లోపల దెబ్బతినవచ్చు. మౌంట్ అంచు దగ్గర పట్టా మీద పెన్సిల్‌తో గీత గీసి పది పెల్లెట్లు కాల్చి చూడండి. గీతకూ మౌంట్‌కూ మధ్య ఖాళీ వస్తే స్కోప్‌కు ఏ పాపమూ తెలియదు. గ్రూపు (వరసగా కాల్చిన పెల్లెట్లు పడిన గుంపు) బిగువుగానే ఉండి మొత్తంగా పక్కకు జరిగినప్పుడు నేను మొదట అనుమానించేది మౌంట్‌నే.

ఓపెన్ సైట్ల పరీక్షకు ఖర్చు లేదు, పైగా అనుమానితుణ్ణి పూర్తిగా పక్కన పెట్టేస్తుంది. అద్దం లేకుండా గురి కుదరదనే భయం అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో స్కోప్‌కు అనుమతే లేదు. అక్కడ వాడే రంధ్రపు సైటు మామూలు ఓపెన్ సైటు కన్నా చాలా నిశితమైనదన్నది నిజమే. కానీ మనకు కావలసింది పతకం కాదు, తేడా. అదే డబ్బాలోని పెల్లెట్లతో, రైఫిల్‌ను అదే తీరున పట్టుకుని కాల్చినప్పుడు ఓపెన్ సైట్లతోనే గ్రూపు చిన్నదైతే లోపం స్కోప్‌లోనో మౌంట్‌లోనో ఉన్నట్టు. అప్పుడూ చెదిరితే బ్యారెల్, సీలు, పెల్లెట్లు చూడాలి. చూపు మందగించినవారికి మాత్రం ఈ ఫలితం నమ్మదగినది కాదు. పైగా చాలా పీసీపీ రైఫిళ్ళకు (సిలిండర్‌లో ముందే నింపిన గాలి పీడనంతో కాల్చేవాటికి) ఓపెన్ సైట్లే ఉండవు.

అలాంటప్పుడు స్కోప్ మార్చి చూడటమే దారి. పాత రింగులను (మౌంట్‌లో స్కోప్ గొట్టాన్ని పట్టుకునే వలయాలను) అలాగే ఉంచి స్కోప్ ఒక్కటే మారిస్తే, రింగుల్లోని లోపం కొత్త స్కోప్‌నూ చెడ్డదిగా చూపిస్తుంది. మరో రైఫిల్ మీద చక్కగా పనిచేస్తున్న స్కోప్‌ను దాని రింగులతో సహా తెచ్చి పెట్టండి. గ్రూపు బాగుపడితే, తర్వాత పాత స్కోప్‌ను ఆ మంచి రింగుల్లో పెట్టి చూస్తే దోషి ఎవరో తేలిపోతుంది. పీసీపీలో పెల్లెట్లు నిలువు గీతలా పడుతుంటే దీనికన్నా ముందు సిలిండర్ పీడనం చూడండి. పీడనం తగ్గితే వేగం మారుతుంది, పెల్లెట్ పడే ఎత్తూ మారుతుంది.

చతురస్ర పరీక్షకు పేరెక్కువ, ఎయిర్ రైఫిల్ విషయంలో ఫలం తక్కువ. ప్రతిసారీ నడిబొడ్డుకే గురిపెడుతూ 40 క్లిక్కులు కుడికి, 40 పైకి, 40 ఎడమకు, 40 కిందికి తిప్పుతూ కాలుస్తారు. చివరి పెల్లెట్ మొదటి రంధ్రంలోనే పడాలి. పావు నిమిషం క్లిక్కు (ఇక్కడ నిమిషమంటే కోణపు కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) పది మీటర్ల దగ్గర సుమారు 0.7 మిల్లీమీటర్లే కదులుతుంది కాబట్టి 40 క్లిక్కులకు వచ్చేది మూడు సెంటీమీటర్ల లోపే. గ్రూపే అంత వెడల్పుగా చెదిరిన రైఫిల్‌తో చతురస్రం ఎలా కనిపిస్తుంది? ట్యూరెట్ సరిగా కదులుతోందా అన్నది ఇది చెబుతుంది. తిప్పకుండా వదిలేసిన స్కోప్ కుదుపులకు నిలుస్తుందా అన్నది తేల్చలేదు. అందుకే నా లెక్కలో ఇది మూడో స్థానం.

ఓపెన్ సైట్లున్న స్ప్రింగ్ రైఫిల్‌కు మొదటి పరీక్ష, పీసీపీకి రెండోది: నా ఓటు ఇలాగే. అయితే చెడని స్కోప్ కూడా చెడినట్టు కనిపించే సందర్భాలు రెండున్నాయి. ఒకటి పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం. రైఫిల్‌ను కదలకుండా ఆనించి తల అటూ ఇటూ జరిపితే గురి గీతలు లక్ష్యం మీద జారుతున్నాయా? వంద గజాల దూరానికి ఫోకస్ స్థిరపరచిన స్కోప్‌లో పది మీటర్ల దగ్గర ఈ ఒక్క కారణంగానే సెంటీమీటరుకు పైగా తేడా రావచ్చు. దూరానికి తగ్గట్టు ఫోకస్ సవరించుకునే స్కోప్ అయితే ఆ ఫోకస్ రింగు తిప్పితే సరిపోతుంది.

రెండోది బ్రేక్ బ్యారెల్ రైఫిళ్ళలో (బ్యారెల్‌ను మడిచి పెల్లెట్ పెట్టేవాటిలో) బ్యారెల్ కొంచెం కిందికి వాలి ఉండటం. దాన్ని సరిచేయడానికి ట్యూరెట్‌ను పై అంచు దాకా తిప్పేస్తే లోపలి స్ప్రింగ్ బిగువు కోల్పోతుంది, గురి గీతలు ప్రతి కుదుపుకూ కొంచెం కదులుతాయి. ఎన్ని స్కోప్‌లు మార్చినా అదే వరస. వెనక భాగం కొంచెం ఎత్తుగా ఉండే వాలు మౌంట్ వేసి, ట్యూరెట్‌ను మధ్యకు తెచ్చి మళ్ళీ జీరో చేయండి, అంటే గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా సవరించండి.