షటిల్ కోర్టులో కెనాన్ ఆర్10: చాన్నాళ్లు వాడాక చెబుతున్నా

ఇండోర్ స్పోర్ట్స్ తీయడానికి కొత్త కెమెరా కొనబోతున్నాం, ఏది బాగుంటుంది అని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది, బాడీ సంగతి తర్వాత, డబ్బులో సగం లెన్స్‌కి పక్కన పెట్టండి అని. నేను వాడేది కెనాన్ ఆర్10. 2022లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెల్, ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సైజు కంటే చిన్నది), బ్యాటరీ కార్డుతో కలిపి 429 గ్రాములు. దీంతో జిల్లా స్థాయి షటిల్ టోర్నమెంట్లు, అకాడమీ పిల్లల మ్యాచ్‌లు తీస్తున్నాను. ఆ పిల్లలు తెల్లారకముందే లేచి ప్రాక్టీస్‌కి వెళ్తారు, వాళ్ల ఆటకి ఒక్క మంచి ఫోటో ఉండదు, ఉన్నదల్లా కప్పు పట్టుకుని వరసగా నిలబడినవే. అందుకే ఈ పని మీద నాకింత పట్టుదల.

కెమెరాతో పాటు వచ్చే 18-150 లెన్స్ పెళ్లిళ్లకీ ఊళ్లు తిరగడానికీ చాలా బాగుంటుంది, ఇండోర్ హాల్లో మాత్రం పనికిరాదు. పూర్తిగా జూమ్ చేస్తే అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్6.3 దగ్గర ఆగిపోతుంది (ఎఫ్ అంకె ఎంత తక్కువైతే రంధ్రం అంత పెద్దది), అదే ఎఫ్1.8 లెన్స్ అయితే దానికి దాదాపు పన్నెండు రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. నేను పెట్టుకున్నది పాత ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్1.8, కెనాన్ పాత కెమెరాలకి చేసిన లెన్స్, అందుకే అడాప్టర్ మీద. 1992 నాటి డిజైన్, సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది, ఫోకస్ చకచకా వెళ్తుంది. కెనాన్‌లోనే కొత్త ఆర్ఎఫ్ 85 ఎఫ్2 ఒకటి ఉంది, అది మాక్రో లెన్స్, బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది కానీ ఫోకస్ నిదానం, ఆటకి వద్దు.

షటర్ స్పీడ్ 1/1000 కంటే కిందికి దించను. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో కొట్టిన గిన్నిస్ రికార్డు స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు. ఆ వేగంలో సెకనులో వెయ్యో వంతులోనే కాక్ (షటిల్) పదిహేను సెంటీమీటర్లు దాటిపోతుంది. మన జూనియర్లు అందులో సగం వేగంతో కొట్టినా కాక్ దాదాపు తన పొడవంత దూరం జరుగుతుంది, అంటే ఫోటోలో అది కాస్త సాగినట్టు కనిపించడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు, ముఖమూ చెయ్యీ నిలిస్తే చాలు. ఈ బాడీలో స్టెబిలైజేషన్ లేదని చాలామంది వెనకాడతారు గానీ ఇంత స్పీడులో చేతి వణుకు లెక్కలోకే రాదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

అసలు తలనొప్పి లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా హాళ్లలో లైట్లు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు. బర్స్ట్ (ఆపకుండా వరసగా ఫోటోలు) కొట్టి చూస్తే మొదటి ఫ్రేము బాగుంటుంది, రెండోది చీకటి, మూడోది పసుపు, కెమెరా పాడైందేమో అని టెన్షన్. మెనూలో యాంటీ ఫ్లికర్ షూటింగ్ ఆన్ చేయండి, కెమెరా లైటు నిండుగా ఉన్న క్షణం చూసుకుని షటర్ వదులుతుంది. బర్స్ట్ కొంచెం నెమ్మదిస్తుంది, నొక్కాక రవ్వంత ఆలస్యం కూడా తెలుస్తుంది, అయినా ఫ్రేములన్నీ ఒకే రంగులో వస్తాయి, నాకు ఈ కెమెరాలో అన్నిటికంటే అక్కరకొచ్చింది ఇదే.

ఎలక్ట్రానిక్ షటర్‌తో సెకనుకి 23 ఫోటోలు అని బాక్సు మీద చూసి మురిసిపోకండి. సెన్సర్ పైనుంచి కిందికి నిదానంగా చదువుతుంది, అందుకని రాకెట్ వంగిపోతుంది, ఎల్ఈడీ లైట్లుంటే ఫోటో అడ్డంగా చారలు. మెకానికల్‌లో సెకనుకి 15 వస్తాయి, అవి చాలా ఎక్కువ. చప్పుడు గట్టిగానే ఉంటుంది, సర్వీస్ చేసేటప్పుడు వేలు తీసేయడం మర్యాద. ఫ్లాష్ గురించి చెప్పేదే లేదు, ఆటగాడి కళ్లలో కొట్టకూడదు.

రా ఫైళ్లతో (సెన్సర్ ఇచ్చిన పూర్తి సమాచారం ఉండేవి) పూర్తి స్పీడులో రెండు సెకన్లకే బఫర్, అంటే కార్డులోకి వెళ్లేలోపు ఫోటోలు ఆగే మెమరీ, నిండిపోతుంది, కోర్టులో అసలైన షాట్ అప్పుడే పడుతుంది, మీ కెమెరా మాత్రం కదలదు. సీ-రాకి (కుదించిన రా) మారితే చాలాసేపు లాగుతుంది, ఫోటోలో తేడా నాకైతే కనపడలేదు. యూహెచ్ఎస్-2 అనే వేగమైన కార్డు తప్పనిసరి. స్లాట్ ఒక్కటే, అదీ బ్యాటరీ పక్కన అడుగున, మోనోపాడ్ ప్లేటు బిగిస్తే తలుపు తెరుచుకోవడం కష్టం. చిన్న బ్యాటరీ, రోజంతా టోర్నమెంట్ అంటే స్పేర్ జేబులో ఉండాలి.

ఫోకస్‌కి సర్వో (కదిలేవాళ్లని వెంబడిస్తూ ఫోకస్ మార్చే మోడ్) పెట్టి మనుషుల్ని గుర్తించే మోడ్ ఆన్ చేస్తే కళ్లు పట్టుకోవడం నిజంగా బాగుంది, కానీ అవతలి కోర్టు ప్లేయర్‌ని తీస్తుంటే మధ్యలో నెట్ వస్తుంది, డబుల్స్‌లో ఇవతలివాళ్ల వీపు వస్తుంది. మెనూలో కేస్ 2 అని ఉంటుంది, మధ్యలో అడ్డం వచ్చినవాటిని పట్టించుకోకుండా మనం పట్టుకున్న మనిషినే వెంబడించేది. అది పెట్టాక నెట్‌కి అంటుకుపోవడం బాగా తగ్గింది. ఎఫ్1.8లో ఏడు మీటర్ల దూరాన ఉన్న మనిషికి స్పష్టంగా వచ్చే లోతు అర మీటరు లోపే, అందుకే వెలుతురు సహకరిస్తే నేను ఎఫ్2.2కి వెళ్తాను.

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లోనే పెట్టండి, ఐఎస్ఓ (ఫోటో వెలుగు ఎంత పెంచాలో చెప్పే అంకె) కూడా. వెనక తెల్ల బ్యానర్ వచ్చిన ప్రతిసారీ ఆటోమేటిక్ మోడ్ పిల్లల ముఖాలు నల్లగా చేసేస్తుంది. నాకు మామూలుగా 3200 నుంచి 6400 పడుతుంది, నాయిస్ (ఫోటోలో గరుకు చుక్కలు) ఉంటుంది, కంప్యూటర్లో తగ్గించుకోవచ్చు, 12800 మాత్రం ఫోన్లో చూసుకోవడానికే. చీకటిగా తీసి తర్వాత పెంచుకుందాం అనుకోవద్దు, నాయిస్ అంతా అక్కడే బయటపడుతుంది. పచ్చ మ్యాట్ మీద నుంచి గడ్డం కిందికి పచ్చదనం కొడుతుంది, వైట్ బ్యాలెన్స్ ఒకసారి తెల్లకాగితం చూపించి సెట్ చేసుకుంటే ఒంటి రంగు సరిగ్గా వస్తుంది. ఇవన్నీ సీ1లో (డయల్ మీద మన సెట్టింగులు దాచుకునే చోటు) దాచుకోండి, హాల్లోకి వెళ్లగానే డయల్ తిప్పితే సరిపోతుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది చాలామంది అడగరు గానీ సగం ఫోటో అక్కడే ఉంది. కోర్టు పొడవు 13.4 మీటర్లు. నేను బేస్‌లైన్ వెనక మూలన నేలమీద కూర్చుంటాను, కెమెరా నిలువుగా పట్టుకుంటాను. అవతలి బేస్‌లైన్ దగ్గర పిల్లవాడు ఎగిరి కొడితే 85లో ఫ్రేము ఎత్తు మూడున్నర మీటర్లకు పైనే, పాదాల కింద ఖాళీ, చాచిన చెయ్యి, రాకెట్ చివర, అన్నీ పడతాయి. కిందినుంచి చూస్తాం కాబట్టి ఆ ఎగురు ఎంత ఎత్తో తెలుస్తుంది. గ్యాలరీలోంచి తీస్తే తలలే కనిపిస్తాయి. కూర్చోబోయే ముందు రిఫరీని అడగండి, లైన్ జడ్జి కుర్చీకి అడ్డం రాకండి.

ఫుల్‌ఫ్రేమ్ ఆర్6 మార్క్ 2కి మారమంటారా అని అడుగుతారు. నాయిస్ తగ్గుతుంది, కార్డులు రెండు పెట్టొచ్చు, పత్రికలకి పంపేవాళ్లయితే మారండి. కానీ సెన్సర్ పెద్దది కాబట్టి అదే 85 అక్కడ అంత దగ్గరగా చూపించదు, 135 ఎఫ్2 కొనాల్సొస్తుంది, ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి. నేనైతే ఇంకొన్నాళ్లు దీంతోనే.