గల్ఫ్ ఏజెన్సీకి నా రివ్యూ: మూడు స్టార్లు, అందుల ఒకటి నా పాస్‌పోర్టుకి

మొన్న మా చిన్నమ్మ కొడుకు అడిగిండు, అన్నా నువ్వు పోయిన ఏజెన్సీ మంచిదేనా, పైసలు కట్టాల్నా వద్దా అని. ఫోన్ల చెప్దామంటే ఒక్క మాటల తేలే ముచ్చట కాదు, అందుకే రాస్తున్న. ఏజెన్సీ పేరు రాయను, ఆఫీసు మా జిల్లాలనే ఉంది అంతే. ఎందుకంటే నేను చెప్పేది వాళ్ళ ఒక్కళ్ళ గురించి కాదు, ఏ ఏజెన్సీకి పోయినా ఏం చూస్కోవాలె అనేది.

ముందుగాల లైసెన్స్. విదేశాలకు పనికి పోయేటోళ్ళ కోసం సర్కారు పెట్టిన ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల చూసిన, లైసెన్స్ ఉంది, గడువు గూడ అయిపోలే. గీ మాత్రందానికి ఒక స్టార్ ఎందుకంటే 2012ల నేను సౌదీ పోయింది ఊర్ల దళారితోని, ఆజాద్ వీసా, అంటే ఏడనన్న పని చేస్కోవచ్చు అన్నడు, లక్షా ఇరవై వేలు తీస్కున్నడు, నూటికి మూడు మిత్తి. సూపర్ మార్కెట్ల పని అని చెప్పి తీస్కపోతే రియాద్‌కి మస్తు దూరంల ఓ మజ్రాల, అంటే తోటల పడ్డ, ఖర్జూర చెట్లు, పైపులు, మేకలు, నేనూ, ఇంకో నేపాలీ తమ్ముడు. దిగిన రోజే కఫీల్, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న యజమాని, పాస్‌పోర్ట్ తీస్కున్నడు. ఇయ్యి అంటే ఏం చేస్కుంటవ్ నువ్వు, నా దగ్గర భద్రంగ ఉంటది అన్నడు. తర్వాత చెల్లె పెండ్లి కుదిరింది, పదిహేను రోజులు పంపియ్యమని అడిగితే ఇప్పుడు కాదు అన్నడు, గంతే. కొట్టలే, తిట్టలే, ఒక్క సంతకం పెట్టలే. ఆ సంతకం లేకుండ ఎయిర్‌పోర్టు దాటేది లేకుండె అప్పుడు. అక్కడికెళ్ళి బయటపడితే హురూబ్ రాసిండు, అంటే పారిపోయిండని కంప్లైంట్ అన్నట్టు, ఇగ నేను ఖల్లివెల్లి, అంటే సరైన కాయితాలు లేనోన్ని అయిన. 2013ల నితాఖత్ టైముల, అంటే కంపెనీలల్ల ఇంతమంది సౌదోళ్ళు ఉండాలె అనే రూల్ గట్టిగ పెట్టినప్పుడు, క్షమాభిక్ష పెడితే వేలమందితోని పాటు ఔట్‌పాస్ అనే ఒక్కసారి ఇంటికి పోనీకె ఇచ్చే కాయితం మీద ఇంటికొచ్చిన. చెల్లెకు అప్పటికే కొడుకు.

ఈసారి 2021 ఆఖర్ల ఈ ఏజెన్సీతోని ఖతర్ పోయిన. వేలిముద్రలు, మెడికల్, కాంట్రాక్ట్ సంతకం అన్ని హైదరాబాద్ల ఖతర్ వీసా సెంటర్లనే అయినయ్, ఇదొక మంచి పద్ధతి, ఎందుకంటే ఇక్కడ చూపిచ్చే కాయితం ఒకటి అక్కడ దిగినంక పెట్టిచ్చే కాయితం ఇంకోటి అనే పాత నాటకం చానా వరకు బందైంది. నాకు వెయ్యి రియాళ్ళు బేసిక్, రూము తిండి కంపెనీదే. 2021 మార్చి నుంచి అక్కడ కనీస జీతం గదే, వెయ్యి రియాళ్ళు, కంపెనీ రూము ఇయ్యకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే 300. ఏ దేశపోనికైనా ఒక్కటే లెక్క. ఎండాకాలం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాంక పొద్దున 10 నుంచి మధ్యాన్నం మూడున్నర వరకు బయట పని బంద్. మా సైట్ల పాటిచ్చిన్రు, నిజం చెప్పాలె గద.

పాస్‌పోర్ట్ నా పెట్టెల నా తాళం కింద ఉంది. ఖతర్ల పాస్‌పోర్ట్ గుంజుకుంటే యజమానికి 25 వేల రియాళ్ళ దాంక జుర్మానా, 2015 చట్టంల రాసి ఉంది. 2018ల ఎగ్జిట్ పర్మిట్, అంటే దేశం దాటనీకె యజమాని ఒప్పుకున్నట్టు కాయితం, చానా మందికి తీసేసిన్రు, 2020 జనవరిల ఇండ్లల్ల పనిచేసేటోళ్ళకు గూడ తీసేసిన్రు. 2023ల నేను లీవు పెట్టుకుని, టికెట్ కొనుక్కుని, దోహా ఎయిర్‌పోర్టుల లైన్ల నిలబడితే కౌంటర్ల పిలగాడు స్టాంపు కొట్టి ఇచ్చిండు. గంతే. పాత యాదికి నా చేతులు వణుకుతున్నయ్, వానికేం తెలుసు. రెండో స్టార్ గీ పాస్‌పోర్టుకి, ఇది ఏజెన్సీ గొప్ప కాదు గాని బిల్లు వాళ్ళే తీస్కున్నరు కాబట్టి వాళ్ళ ఖాతాలనే వేస్తున్న.

క్యాంపుల ఓ కేరళ చేటన్, అంటే అన్న ఉండె, పేపర్ చదివే మనిషి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తెలుగుల గూడ ఉంటది చూడు అని ఫోన్ల తీసిచ్చిండు. 30 ముచ్చట్లు ఉంటయ్ అందుల. 13వ దాంట్ల రాసి ఉంది, ఎవ్వలైనా ఏ దేశమైనా విడిచి పోవచ్చు, సొంత దేశానికి తిరిగి రావచ్చు అని. నా చెల్లె పెండ్లి యాదికొచ్చింది. 1948 డిసెంబర్ 10 నాడు ఓటేసిన్రట, 48 దేశాలు సరే అన్నయ్, వద్దన్నది ఒక్కటి గూడ లేదు, ఎనిమిది దేశాలు ఎటూ వెయ్యకుండ ఊకున్నయ్. అందుల సౌదీ ఒకటి, మతం మార్చుకునే హక్కు, పెండ్లి హక్కు రాసిన తీరు వాళ్ళకు నచ్చలే. రష్యావోళ్ళు, వాళ్ళ దోస్తు దేశాలు ఊకున్నయ్, నల్లోళ్ళను వేరుగ పెట్టిన దక్షిణాఫ్రికా ఊకుంది. మతం దేశం ఒకటి, మతమే వద్దనే దేశం ఒకటి, రంగు చూసే దేశం ఒకటి, ముగ్గురూ ఒకే బెంచీ మీద కూసున్నరన్నట్టు. ఆ ప్రకటన రాసుట్ల మన దేశం తరఫున పోయిన హంసా మెహతా గారిది గూడ చెయ్యి ఉంది, మొదటి ముచ్చట్ల మగోళ్ళందరు అన్నట్టు ఉంటే మనుషులందరు అని మార్పిచ్చింది ఆమెనే.

ఏజెన్సీల ఈ హక్కుల మాట తీస్తే ఒక సారు నవ్విండు, అదంతా వాళ్ళ కల్చర్ తమ్మీ, వాళ్ళ దేశం వాళ్ళ ఇష్టం, మనం పోయేది పైసలకు అన్నడు. నేను గూడ చానా రోజులు గట్లనే అనుకున్న. కని మా రూముల నిజామాబాద్ భాయ్ ఒకాయన, ఐదు పూటలు నమాజు చేసేటాయన, చెప్పిండు, కఫీల్ చేతుల మనల్ని పెట్టే ఈ పద్ధతిని కఫాలా అంటరు గాని, కఫాలా అంటే అసలు మా మతంల దిక్కులేని పిల్లను తెచ్చుకుని సాకుడు, మంచి పని, పాస్‌పోర్ట్ గుంజుకునుడు యాడ రాసిలేదు అని. పిల్లల హక్కుల ఒప్పందంల ఐక్యరాజ్యసమితి గూడ కఫాలా అనే మాట గట్లనే వాడింది. మరి కల్చరే అయితే ఖతరోడు 2020ల చట్టం ఎట్ల మార్చిండు, ఎన్‌వోసీ అనే పాత కంపెనీ ఒప్పుకున్నట్టు ఇచ్చే కాయితం లేకుండ కంపెనీ మారొచ్చని ఎట్ల అన్నడు? కల్చర్ అయితే అదే అరబ్బులు, అదే భాష, అదే ఎడారి కదా.

మంచి ఒకటే చెప్తే అబద్ధమైతది. యూనియన్ పెట్టుకునే హక్కు ఖతర్ చట్టంల ఖతరోళ్ళకే ఉంది, మనకు లేదు. 2022 ఆగస్టుల జీతాలు రాక దోహాల రోడ్డు మీదికొచ్చిన వాళ్ళల్ల కొందరిని వెనక్కి పంపిచ్చిన్రు. కంపెనీ మారుడు గూడ కాయితం మీద ఉన్నంత అల్కగ లేదు, మా ఫోర్‌మ్యాన్ అప్లికేషన్ పెట్టినోళ్ళను ఓవర్‌టైం లిస్టులకెళ్ళి తీసేసిండు. మళ్ళ మన దేశం ఏమన్న తక్కువనా? ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలె అని ఉండే పాస్‌పోర్ట్) ఉన్న ఆడిమనిషి 30 ఏండ్లు నిండనిది గల్ఫ్‌కి పనికి పోవద్దు అని రూల్ మనదే. కాపాడనీకే అంటరు. కని కడప దిక్కు, గోదావరి దిక్కు ఆడోళ్ళు విజిట్ వీసా మీద దొంగచాటుగ పోతున్నరు, రికార్డుల లేని మనిషిని ఎవడు కాపాడ్తడు? పోకుండ ఆపుడూ రాకుండ ఆపుడూ రెండూ నాకు ఒక్క తీర్గనే కనిపిస్తయ్, ఇది నా అభిప్రాయం, తిట్టేటోళ్ళు తిట్టుండ్రి.

ఇగ ఏజెన్సీ తప్పులు. సర్వీస్ ఛార్జ్ 30 వేలు దాటొద్దు, 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రసీదు గదే ఇచ్చిన్రు, తీస్కున్నది 65 వేలు. మిగతాది దేనికి అంటే ప్రాసెసింగ్ అన్నరు. ఇన్సూరెన్స్ అని రెండు వేలు వేరే తీస్కున్నరు, ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేండ్లకు 275 రూపాయలు, ట్యాక్స్ కలిపినా ఎంతైతది మీరే చూడుండ్రి. స్టీల్ ఫిక్సర్ అని ట్రేడ్ టెస్ట్ పెట్టి వీసాల హెల్పర్ అని కొట్టిచ్చిన్రు, అడిగితే అక్కడ పోయినంక మారుతది అన్నరు, మారలే. అన్నిటికన్న కోపమొచ్చింది ఏందంటే నా పాస్‌పోర్ట్ రెండు నెలలు వాళ్ళ బీరువాలనే పెట్టుకున్నరు. నడుమల వేరే ఆఫీసుల ఇంటర్వ్యూకి కావాలె అంటే ఇయ్యలే. కఫీల్ అరబ్బోడే ఉండాలని ఏం లేదు, మన ఆఫీసులనే ఏసీ కింద కూసోని ఉంటడు.

మూడో స్టార్ ఆఫీసుల పనిచేసే ఓ చెల్లెకు. కాంట్రాక్ట్ జిరాక్సు ఇయ్యం అని సారు అంటే, ఆయన లంచ్‌కి పోయినంక తీసి ఇచ్చింది, దాని తోనే నేను అక్కడ ఆరు నెలల ఓవర్‌టైం పైసలు కొట్లాడి తెచ్చుకున్న.

గివన్ని అయినంక పోయిన నెల వాళ్ళే ఫోన్ చేసిన్రు, సౌదీల హౌస్ డ్రైవర్ ఉంది అన్నా, 1,800 రియాళ్ళు, పోతవా అని. 2021ల సౌదీ తెచ్చిన కొత్త రూల్స్, కఫీల్ సంతకం లేకుండ మారుడు, వచ్చుడు, ఇంటి డ్రైవర్లకు ఇంట్ల పనోళ్ళకు తోట పనోళ్ళకు ఇయ్యలే కదా సార్, మరి నాకు ఎగ్జిట్ ఎవరిస్తరు అని అడిగిన. లైన్ల కొంచెం సేపు సప్పుడు లేదు. గవన్ని అడిగేటోళ్ళు పోరన్నా, మళ్ళ చేస్త అన్నడు. ఇప్పటి దాంక చెయ్యలే.