నర్సు రాని షిఫ్టుకు ఓవర్‌టైమా, ఏజెన్సీయా, సొంత రిజర్వా?

రాత్రి డ్యూటీకి రావలసిన నర్సు సాయంత్రం ఫోన్ చేసి జ్వరమని చెబితే నర్సింగ్ సూపరింటెండెంట్ ముందు మూడు దారులుంటాయి: ఉన్నవారినే ఓవర్‌టైమ్‌కు ఆపడం, నర్సులను తాత్కాలికంగా పంపే బయటి ఏజెన్సీని అడగడం, అవసరమైనప్పుడు వచ్చే నర్సులతో ఆసుపత్రి పెట్టుకున్న సొంత రిజర్వు జాబితా నుంచి పిలవడం. ఖాళీగా వదిలేయడాన్ని నేను దారిగా లెక్కించను. పెన్సిల్వేనియా ఆసుపత్రులపై 2002లో వెలువడిన అధ్యయనంలో, నర్సుకు ఒక్కో రోగి అదనంగా పెరిగేకొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది.

ఓవర్‌టైమ్ చేసేవారికి వార్డు తెలుసు, రోగులూ తెలుసు. తెలియనిది తమ అలసటే. షిఫ్టు పన్నెండున్నర గంటలు దాటితే పొరపాట్ల అవకాశం మూడు రెట్లవుతుందని 2004లో అమెరికా నర్సులపై జరిపిన పరిశీలన తేల్చింది. ఎప్పుడో ఒకసారైతే సరే.

ఏజెన్సీ అనగానే అందరూ ఖర్చు గురించి మాట్లాడతారు. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ 2015 నవంబరులో ఏజెన్సీ ధరలకు పరిమితులు విధించవలసి వచ్చింది కూడా. నాకు మాత్రం మొదటి గంటే అసలు చిక్కు. వచ్చిన నర్సు ఎంత సమర్థురాలైనా, అత్యవసర మందుల ట్రాలీ ఎక్కడుందో, ఏ డాక్టరును ఎలా పిలవాలో ఎవరో చెప్పాలి. కంప్యూటర్‌లో లాగిన్ ఇవ్వకపోతే పక్కవారి పాస్‌వర్డుతో మందులు నమోదవుతాయి. రేపు మార్ఫిన్ లాంటి మత్తుమందు లెక్క తేడా వస్తే జవాబు ఎవరు చెప్పాలి? ఈ లోపం ఆమెది కాదు, పిలిచిన వారిది. ప్రసూతి సెలవు లాంటి ముందే తెలిసిన ఖాళీకి ఒకే మనిషిని నెలల తరబడి ఒకే వార్డులో ఉంచితే ఏజెన్సీ బాగానే పనికొస్తుంది.

హఠాత్తుగా వచ్చే ఖాళీకి నా ఓటు రిజర్వుకే. అయితే పేర్ల పట్టిక రాసిపెట్టుకుంటే అది రిజర్వు అయిపోదు. పిలుపు లేని నెలల్లోనూ వారి శిక్షణ, లాగిన్, టీకాల వివరాలు తాజాగా ఉండాలి. డబ్బులు ఆలస్యమైతే రెండోసారి ఫోన్ ఎత్తరు, ఎత్తాలని కోరడమూ న్యాయం కాదు. పర్మనెంటు నర్సులే రిజర్వులోనూ పేరిచ్చి అదనపు షిఫ్టులు చేస్తుంటే అది వేషం మార్చిన ఓవర్‌టైమ్. రెండు రకాల డ్యూటీల పనిగంటలనూ కలిపే లెక్కించాలి.

ఐసీయూ సంగతి వేరు. వెంటిలేటర్ అనుభవం లేని రిజర్వు నర్సును అక్కడికి పంపకూడదు. వార్డుల్లో ఉన్న ఐసీయూ అనుభవజ్ఞురాలిని అక్కడికి మార్చి, ఆమె వార్డులో రిజర్వును వేయాలి. అలాంటి మనిషి లేనప్పుడు, ఆ రాత్రికి ఏజెన్సీ ఐసీయూ నర్సే మేలు.