చెన్నై ఎలా ఉంటుందని అడిగేవాళ్ళకి: ముందు లోకల్ ట్రైన్ గురించి చెబుతాను

2022లో నాకు హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ ఉద్యోగాలు వచ్చాయి. జీతంలో పెద్ద తేడా లేదు. మా చుట్టాలందరూ హైదరాబాదే అన్నారు. మాది నెల్లూరుకీ చెన్నైకీ మధ్యనున్న నాయుడుపేట. హైదరాబాద్ అంటే రాత్రంతా ప్రయాణం, చెన్నై అయితే పొద్దున రైలెక్కి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. ఆ ఒక్క కారణంతో చెన్నై వచ్చేశాను. ఇక్కడి ఉక్కపోత, భాష, టిఫిన్ల గురించి అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నన్ను ఈ ఊళ్ళో ఉండనిచ్చింది వేరే: చెన్నై బీచ్ స్టేషన్ నుంచి తాంబరం మీదుగా చెంగల్పట్టు వెళ్ళే లోకల్ ట్రైన్.

ఇల్లు క్రోంపేటలో, ఆఫీసు నుంగంబాక్కంలో. రెండు వైపులా స్టేషన్‌కి నడిచే వెళ్తాను. నెల సీజన్ టికెట్‌కి అయ్యేది, ఇదే దూరం ఒక్కసారి క్యాబ్‌లో వెళ్తే అయ్యేదానికన్నా తక్కువ. స్కూటీ కొనాలని ఇంతవరకూ అనిపించలేదు. మా అక్క హైదరాబాద్‌లో జీతంలో ఎంత పెట్రోలుకీ క్యాబ్‌లకీ పోస్తుందో విన్నప్పుడల్లా, నేను ఇంటికి పంపగలుగుతున్న డబ్బు ఎక్కడి నుంచి మిగులుతోందో నాకు బాగా అర్థమవుతుంది.

డబ్బు కన్నా పెద్ద విషయం రాత్రి ప్రయాణం. పని ఎక్కువున్న రోజుల్లో ఆఫీసు నుంచి బయటపడేసరికి పది దాటుతుంది. లేడీస్ పెట్టె ఎక్కితే అప్పటికీ మనుషులుంటారు. మాంబళంలో టీనగర్ బట్టల కొట్ల అమ్మాయిలు గుంపుగా ఎక్కుతారు. డ్యూటీ దిగిన నర్సులు, మిగిలిపోయిన మల్లెలు మాల కట్టుకుంటూ కూర్చునే పూలక్క, సీటు దొరక్కపోతే గుమ్మం పక్కన కిందే కూర్చుని ఫోన్లో పిల్లల్ని నిద్రపుచ్చే తల్లులు. పెళ్ళికాని అమ్మాయిని, ఒక్కదాన్ని, ఎవరికీ లొకేషన్ పంపకుండా, ఇంటి దగ్గర ఎవరినీ టెన్షన్ పెట్టకుండా ఆ వేళకి ఇల్లు చేరగలుగుతున్నాను. ఇది నాకు ఎంత స్వేచ్ఛో మాటల్లో చెప్పలేను.

ఈ లైన్లో కరెంటు బళ్ళు 1931లోనే మొదలయ్యాయి. ఊరు దక్షిణానికి పెరిగిందే ఈ పట్టాల వెంట. అందుకే ఏ స్టేషన్ దిగినా బయటే కూరగాయల బండ్లు, మందుల షాపు, టిఫిన్ సెంటర్, బస్టాపు ఉంటాయి. ఇంటికి వెళ్ళేదారిలోనే సరుకులు కొనడం అయిపోతుంది.

ఇక 2023 డిసెంబర్ సంగతి. మిచౌంగ్ తుపాను. 3వ తేదీ రాత్రంతా వాన ఒకే తీరున కొట్టింది. 4వ తేదీ పొద్దున తలుపు తీస్తే మా వీధి కనిపించలేదు, కాంపౌండ్ గోడ పైభాగం మాత్రమే తేలి ఉంది. నేను మొదటి అంతస్తులో ఉంటాను, కింద ఓనరు వాళ్ళు. నీళ్ళు గడప దాటాక ఓనరక్క, ఆమె భర్త, అత్తగారు, ఇద్దరు పిల్లలు పైకి వచ్చేశారు. అందరం కలిసి గ్యాస్ సిలిండరు, బియ్యం మూట, మిక్సీ, పిల్లల పుస్తకాలు మెట్ల మీదుగా చేతులు మార్చుకుంటూ పైకి ఎక్కించాం. ఫ్రిజ్ ఎత్తలేకపోయాం. ఎవరికీ షాక్ కొట్టకూడదని కరెంటు ముందే తీసేశారు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకులో నీళ్ళు లేవు. సంపులోకి వీధి మురుగు కలిసిపోయింది. చుట్టూ అన్ని నీళ్ళు పెట్టుకుని, నా గదిలో ఉన్న ఒక్క ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళని గ్లాసు లెక్కన పంచుకున్నాం. మాది ఎయిర్‌పోర్టు పక్కన ప్రాంతం, రోజంతా విమానాల మోత ఉంటుంది. ఆ రోజు రన్‌వే మునిగి ఎయిర్‌పోర్టు మూసేశారు. లోకల్ కూడా ఆగిపోయింది. పట్టాల వైపు నుంచి హారన్ వినిపించని పగలు నాకు అదే మొదలు.

అన్నిటికన్నా బాధ పెట్టింది ఫోన్. సిగ్నల్ లేదు. అదే తుపాను తీరం వెంబడి పైకి, మా జిల్లా మీదుగా వెళ్తోందని ముందే తెలుసు. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇంటికి దగ్గరని ఈ ఊరు ఎంచుకున్నాను. ఆ దగ్గరతనం వల్లే నేనూ ఇంట్లోవాళ్ళూ ఒకే తుపానులో ఉన్నాం. అమ్మ, నాయన ఎలా ఉన్నారో నాకు తెలియదు, నా గురించి వాళ్ళకి తెలియదు. వాన తగ్గాక మోకాళ్ళ లోతు నీళ్ళలో స్టేషన్‌కి నడిచాను. బళ్ళు తక్కువగానే అయినా మళ్ళీ మొదలయ్యాయి. ఊరికి వెళ్ళే రైళ్ళు రద్దయ్యాయని తెలిసినా సెంట్రల్ స్టేషన్ దాకా వెళ్ళి చూద్దామని ఎక్కేశాను. గిండీ దాటాక సిగ్నల్ వచ్చింది. నాయన ఫోనెత్తి, “స్వర్ణముఖి పొంగతా ఉంది, కరెంటు లేదు, మేం బానే ఉన్నాం, నువ్వు రావద్దు” అన్నాడు. పెట్టెలో నిలబడి ఏడ్చేశాను. పక్కనున్న ఆవిడ ఏమీ అడక్కుండా తన సీటు ఇచ్చింది.

పైన లోకల్ గురించి చెప్పిన మంచికి ఇప్పుడు కొన్ని హద్దులు చెప్పాలి. రాత్రి ధైర్యం గురించి రాసింది బీచ్–తాంబరం లైనుకే వర్తిస్తుంది. వేలచ్చేరి వైపు వెళ్ళే ఎంఆర్‌టీఎస్ (ఎక్కువగా వంతెన మీద నడిచే ఇంకో లోకల్ లైను) స్టేషన్లు చాలా పెద్దవి, చీకటి పడ్డాక చాలావాటిలో మనుషులు కనపడరు. అక్కడుండే నా స్నేహితురాలు ఎనిమిది దాటితే బస్సే ఎక్కుతుంది. ఆ లైన్లోనే బీచ్–చింతాద్రిపేట మధ్య బళ్ళు 2023 ఆగస్టులో ఆపి 2024 అక్టోబర్‌లో గానీ మళ్ళీ నడపలేదు. మా లైన్లో ఆదివారాల్లో ట్రాక్ పనులని బళ్ళు తీసేస్తారు. 2024 ఆగస్టులో తాంబరం యార్డు పనులప్పుడు నేను చాలాసార్లు ఆలస్యంగా ఆఫీసుకి వెళ్ళాను. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఏసీ లోకల్ మే నెలలో ప్రాణం నిలబెడుతుంది, కానీ మామూలు బండిలో కనీస టికెట్ 5 రూపాయలైతే దీన్లో 35. రోజూ ఎక్కే బండి కాదు.

ఇల్లు వెతుక్కునేవాళ్ళకి నా మాట ఒకటే. స్టేషన్‌కి ఎంత దూరమో చూసినంత శ్రద్ధగా వీధి ఎత్తు చూడండి. 2015 వరదల్లోనూ 2023 తుపానులోనూ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో బ్రోకర్‌ని కాకుండా వీధి మొదట్లో ఇస్త్రీ చేసే అతన్ని అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. కింది అంతస్తు ఎంత చవకైనా వద్దు. కొందరు ఓనర్లు ఇప్పటికీ పది నెలల అద్దె అడ్వాన్స్ అడుగుతారు, బేరం ఆడితే తగ్గుతారు. నేను అదే ఇంట్లో ఉన్నాను. ఓనరక్క వాళ్ళు కింద నేల ఎత్తు పెంచుకున్నారు. నవంబర్ రాగానే రెండు క్యాన్లు అదనంగా కొని పెడతాను.

మరి చెన్నై రమ్మంటానా? ఆఫీసు ఈ రైలు లైన్ మీద ఉంటే, నెల్లూరు, తిరుపతి వైపు మనుషులైతే, ఇంకా పిల్లల బడి గొడవలు లేకపోతే తప్పకుండా రమ్మంటాను. సూళ్ళూరుపేట దాకా లోకలే వస్తుంది, అక్కడి నుంచి మాకు బస్సు. ఉద్యోగం ఐటీ కంపెనీలుండే సిరుసేరి, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు అయితే నా అనుభవం మీకు పనికిరాదు. అటు ఈ లోకల్ రాదు. మాధవరం నుంచి సిరుసేరి సిప్‌కాట్‌కి (అక్కడి ఐటీ పార్కు) వేస్తున్న మెట్రో నడిచేదాకా రోడ్డే గతి, ఆ రోడ్డు కూడా పనులతో ఇరుకైపోయింది. మా ఆఫీసునే ఓఎంఆర్‌కి మారుస్తారన్న మాట వినిపిస్తోంది. అదే జరిగితే ముందు ఈ లైన్లోనే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాను. దొరక్కపోతే అక్క చెబుతున్న హైదరాబాద్ గురించి ఆలోచిస్తాను.