పక్కకు జరపగలిగే గోడ ర్యాకులు: ఏడేళ్ళ వాడకం తర్వాత

క్యాసెట్లు, సీడీలు, రికార్డులు పెట్టుకునే ఈ ర్యాకుల రంగులు, ధర, అరల సంఖ్య అమ్మేవారి దగ్గరే తెలుస్తాయి కాబట్టి వాటి జోలికి వెళ్ళను. గోడకు ఒక పొడవాటి చెక్క పట్టీని బిగించి, దాని ఏటవాలు పై అంచుకు ర్యాకు వెనక ఉన్న మరో ఏటవాలు పట్టీని తగిలించే పద్ధతి గురించే రాస్తాను. ఏడేళ్ళుగా ఈ వస్తువు మీద నాకున్న ఇష్టమంతా ఆ ఒక్క ఏర్పాటు వల్లే. మా ఇంట్లో జరిగిన ఒకే ఒక్క ప్రమాదంలోనూ దాని పాత్ర ఉంది.

మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు హాలు కిటికీ అద్దాలు పగిలి, వాన నీళ్ళు లోపలికి కొట్టి, నేలంతా మడుగైంది. నాన్నగారి క్యాసెట్లు అప్పట్లో బీరువా అడుగు అరలో ఉండేవి. వాటిలో సగం తడిశాయి. ఆయన నీలి సిరాతో రాసుకున్న చీటీలు చాలావరకు చెరిగిపోయాయి. ఇక మీదట పాటలేవీ నేలకు దగ్గరగా ఉండకూడదని ఆ రోజే అనుకున్నాను. అలా 2017 దసరాకు రెండు పట్టీలు, నాలుగు ర్యాకులు కొన్నాను. పై పట్టీకి క్యాసెట్లవి, సీడీలవి, కింది పట్టీకి డీవీడీలవి, ఎల్.పి. రికార్డులవి (పెద్ద గ్రామఫోన్ రికార్డులవి) తగిలించాం.

మామూలు ర్యాకును గోడకు బిగించేటప్పుడు దాని చోటును ముందే తేల్చుకోవాలి. రంధ్రం పడ్డాక అది అక్కడే ఉంటుంది. రెండు అంగుళాలు పక్కకు ఉంటే బాగుండేదని తర్వాత తోచినా చేయగలిగింది లేదు. మన హాళ్ళలో గోడ ఎప్పుడూ ఖాళీగా ఉండదు కూడా. ఒక పక్క స్విచ్ బోర్డు, ఒక పక్క పెద్దల ఫొటో, మరో పక్క కిటికీ, కింద దివాన్ ఉంటాయి. వీటన్నిటి మధ్య ర్యాకు ఎక్కడ కుదురుతుందో కాగితం మీద తేలదు. గోడ మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, ఒక వారం రోజులు కళ్ళకు అలవాటు చేసుకుంటేనే తెలుస్తుంది. ఈ పట్టీ మీద ర్యాకును కొంచెం పైకి ఎత్తి, అటో ఇటో జరిపి, మళ్ళీ దించితే సరిపోతుంది. మొదటి ఏడాదిలోనే నేను వాటి చోటు ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. మార్చిన ప్రతిసారీ హాలు కొత్తగా కనిపించేది.

ఆ మార్పుల్లో నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. పై పట్టీని విప్పి పైకి బిగించి, పై వరుస ర్యాకుల పై అంచును గుమ్మం చట్రం పై అంచుతో ఒకే గీతలోకి తెచ్చాక గోడ అంతా కుదుటపడినట్టు అనిపించింది. అంతకుముందు అవి నాలుగు అంగుళాలు కిందికి ఉండి, ఏదో సరిపోలేదన్న భావన కలిగించేవి. ఇక కింది వరుసలో కుడి ర్యాకు అంచును దివాన్ అంచుకు సరిగ్గా పైన నిలిపాను. గది మధ్యకు కొలిచి పెట్టడం కన్నా, కింద ఉన్న సామానుకు కలిపి పెట్టడమే చూపుకు బాగుంటుందని నా అనుభవం.

అరల లోపలి అమరికకు వస్తే, ఎత్తు ఎంత ముఖ్యమో లోతూ అంతే ముఖ్యం. సీడీ పెట్టె లోతు 14 సెంటీమీటర్లు, క్యాసెట్ పెట్టె లోతు 7 సెంటీమీటర్లు. ఒకే లోతున్న అరల్లో పెడితే క్యాసెట్లు లోపలికి పోయి నీడలో మునిగిపోతాయి, వాటి వీపు మీది అక్షరాలు కనిపించవు. వడ్రంగి చేత 7 సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క దిమ్మెలు కోయించి, క్యాసెట్ల వెనక పెట్టి, వాటిని అర ముందు అంచు దాకా తెచ్చాను. ఈ గోడకు పెట్టిన ఖర్చులో ఎక్కువ ఫలితమిచ్చింది ఆ దిమ్మెలే. అలాగే 11 సెంటీమీటర్ల క్యాసెట్లను 19 సెంటీమీటర్ల డీవీడీల పక్కన పెట్టకూడదు. పైన మిగిలే ఖాళీ ఒక నల్లటి గుంటలా కనిపిస్తుంది. ప్రతి అరలో ఐదో వంతు ఖాళీ వదిలి, అక్కడ ఒక్క డిస్కు అట్టను మాత్రం ముఖం ముందుకు పెట్టి నిలబెడతాను. దాన్ని నెలకొకసారి మారుస్తాను. రంగుల వారీగా సర్దే పద్ధతిని కూడా ప్రయత్నించాను. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ, నాన్నగారికి కావలసిన పాట దొరకలేదు. వారంలోపే మళ్ళీ సంవత్సరాల వారీగా సర్దాను.

కొన్న ఏడాదికి నేను రాసిన చిన్న సమీక్షలో “పట్టీ మీద ఎక్కడికైనా జరుపుకోవచ్చు” అని రాశాను. ఆ మాటను ఇప్పుడు సరిచేయాలి.

2019 వానాకాలంలో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. మెట్లు ఎక్కలేదు కాబట్టి ఆమె మంచం హాల్లోకి తెచ్చాం. మంచం దివాన్‌కు ఎడమ పక్కన పడేసరికి కింది వరుస ఆ వైపుకు మరీ దగ్గరగా కనిపించింది. అందుకని ఎల్.పి. ర్యాకును కుడివైపు పట్టీ చివర దాకా జరిపాను. అందంగానే కుదిరింది. ఐదు వారాలు ఏమీ కాలేదు. ఒక రోజు అమ్మ, “ఏమే, ఆ పెట్టె కుడివైపు కొంచెం వాలినట్టు లేదూ?” అంది. దీపం నీడ వల్ల అలా కనిపిస్తోందని చెప్పి ఊరుకున్నాను. అప్పుడే మట్టం పెట్టి చూడవలసింది. రెండు రోజుల తర్వాత, రాత్రి భోజనాల వేళ, గోడలోంచి టప్ మని చప్పుడు వచ్చింది. నేను లేచేలోపే పట్టీ కుడి చివర గోడను వదిలి ముందుకు వంగింది, ర్యాకు దాని మీంచి జారి దివాన్ మీద పడింది. దివాన్ మీద రోజూ అదే వేళకు అమ్మ కూర్చుంటుంది. ఆ పూట భోజనానికి కొంచెం ముందుగా లేచింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఎల్.పి.లు వినైల్ అనే ప్లాస్టిక్‌వి కాబట్టి వాటికి పెద్దగా ఏమీ కాలేదు, రెండు అట్టలు మాత్రం చిరిగాయి. కానీ వాటి మధ్య తాతగారి నాటి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డు ఒకటి ఉంది. అది లక్కతో చేసినది, పెళుసు. రెండు ముక్కలైంది. ఆ ముక్కలను పారవేయలేదు. అట్టలో పెట్టి బీరువాలో దాచాను.

మర్నాడు వడ్రంగి వచ్చి, స్క్రూ కోసం గోడ రంధ్రంలో దించిన, ఇప్పుడు ఊడిపోయిన ప్లాస్టిక్ ప్లగ్గును వేళ్ళ మధ్య నలిపి చూపించాడు. దాని చుట్టూ ఎర్ర ఇటుక పొడి లేదు, బూడిద రంగు సిమెంటు పొడి మాత్రమే ఉంది. “ఇది ఇటుకలో పట్టలేదు మేడమ్, కరెంటు పైపు గాడిలో పడింది” అన్నాడు. ఆ చోటుకు సరిగ్గా కింద స్విచ్ బోర్డు ఉంది. బోర్డు నుంచి వైర్ల పైపు గోడలో నిట్టనిలువుగా పైకి పోతుంది. గోడలో గాడి కొట్టి, పైపు పెట్టి, పైన పలచగా సిమెంటు పూసి మూసేస్తారు. ఆ పూతలో బిగిసిన స్క్రూ తేలికైన బరువును మోస్తూ రెండేళ్ళు నిలబడింది. బరువు పెరిగాక కొన్ని వారాలకే వదిలేసింది. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనా కిందా గోడకు డ్రిల్లు పెట్టకూడదన్న మాట నాకు ఆ రోజే తెలిసింది. డ్రిల్లు ఇంకొంచెం లోపలికి పోయి ఉంటే వైరుకే తగిలేది.

తప్పు ఆ ఒక్క స్క్రూది మాత్రమే కాదు. పట్టీ పొడవు 1.8 మీటర్లు. దానికి 45 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నాలుగే స్క్రూలు ఉన్నాయి. చివరి స్క్రూ తర్వాత పట్టీ ఇంకా 22 సెంటీమీటర్లు బయటికి ఉంది. నా దగ్గర ఉన్న అరవై ఎల్.పి.లు పక్కపక్కన నిలబెడితే పాతిక సెంటీమీటర్లు కూడా పట్టవు కానీ, బరువు సుమారు 15 కిలోలు. అవి అరలో కుడి కొసకు చేరి ఉన్నాయి. అంటే ఆ బరువు దాదాపు అంతా ఏ స్క్రూ లేని ఆ 22 సెంటీమీటర్ల మీదే వేలాడింది. పైగా ఎల్.పి. అట్ట 31 సెంటీమీటర్లకు పైగా ముందుకు వస్తుంది. సీడీ 14 సెంటీమీటర్లే. ఒకే బరువైనా, గోడకు ఎంత దూరంగా ఉంటే పట్టీ పై అంచును అంత గట్టిగా బయటికి లాగుతుంది. జరుపుకునే స్వేచ్ఛ ఇచ్చినవారు ఏ గీత దాటకూడదో కూడా పట్టీ మీద గుర్తు పెట్టి ఇవ్వవలసింది. వారిచ్చిన కాగితంలో మొత్తం బరువు పరిమితి ఉంది; ఆ బరువు ఎక్కడ ఉండాలన్న మాట లేదు. నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే, కానీ చిన్నది కాదు.

పాత స్క్రూలు తీసేటప్పుడు సముద్రపు గాలికి వాటి తలలు తుప్పు పట్టి ఉండటం చూసి, మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాను. ఇప్పుడు ఒక్కో పట్టీకి ఎనిమిది స్క్రూలు ఉన్నాయి, చివరివి పట్టీ కొసలకు 5 సెంటీమీటర్ల లోపలే ఉన్నాయి. కింది పట్టీని పైపు గాడి తప్పేలా ఎడమవైపుకు జరిపాం. దాంతో దివాన్ అంచుకు కుదిరిన ఆ గీత పోయింది. బదులుగా దివాన్‌నే జరిపాను, ర్యాకుల కింద ఎవరూ కూర్చోకుండా.

ఒక చిన్న మేలు కూడా చెప్పాలి. ఈ పద్ధతిలో ర్యాకుకు, గోడకు మధ్య పట్టీ మందం మేర, సుమారు 2 సెంటీమీటర్ల సందు మిగులుతుంది. మొదట్లో అందులో దుమ్ము చేరుతుందని విసుక్కున్నాను. వర్షాకాలంలో ఆ గోడ చెమ్మగిల్లినప్పుడు, గోడకు ఆనించి ఉన్న ఫొటో చట్రం వెనక బూజు పట్టింది కానీ, రికార్డుల అట్టలకు అంటలేదు. గాలి ఆడటమే కారణమై ఉండాలి. ర్యాకుల మధ్య కనిపించే పట్టీ చెక్క రంగు బాగుందని ఒకప్పుడు మెచ్చుకున్నాను. ఇప్పుడు దానికి గోడ రంగే వేయించాను. ర్యాకులు జరిపినప్పుడు మధ్యలో ముదురు గీత మిగలకుండా అదే నయమనిపించింది.

మళ్ళీ కొంటానా అంటే, మా ఇంటికైతే కొంటాను. మాది 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడ, సొంత ఇల్లు, ఎక్కి వేలాడే వయసు పిల్లలు లేరు. తేలికపాటి సిమెంటు బ్లాకులతో కట్టిన అపార్ట్‌మెంటు గోడలకు మామూలు ప్లగ్గులు పట్టవు, వాటికి వేరే రకం కావాలి. అద్దె ఇంట్లో పదహారు రంధ్రాలకు యజమాని ఒప్పుకోవాలి. సీడీలు, క్యాసెట్లు మాత్రమే ఉన్నవారికి దీన్ని ధైర్యంగా చెబుతాను. ఎల్.పి.లు ఎక్కువగా ఉన్నవారు ఆ ఒక్క ర్యాకును నేల మీద నిలిచేదిగా తీసుకుని, మిగతావి గోడకు పెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం. నా ఎల్.పి.లు మాత్రం తుపాను నీళ్ళు గుర్తున్నంతకాలం గోడ మీదే ఉంటాయి. పట్టీ రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీతలు గీసి పెట్టాను. జరపవలసి వచ్చినప్పుడు రికార్డులన్నీ దించి, ర్యాకును ఆ గీతల మధ్యే జరిపి, మట్టం పెట్టి చూసి, మళ్ళీ ఎక్కిస్తున్నాను.